గురమ్మత్త నోట్లో తెల్ల మచ్చ

నౌపడ,
జూన్ 9.

మా యమున గుంటకి,

మేనత్త గురమ్మ కళ్ళజోడు ఎట్టుకుని, తలుపు దగ్గరగా ఏసుకుని రాస్తన్న ఉత్తరం. ఇక్కడ నానూ మీ అమ్మా బతికే ఉన్నాం. అక్కడ నువ్వు ఏలకి తింటన్నావో నేదో రాయి.

ఈ కాలంలో ఉత్తరమేటి అత్తా, ఫోన్ నేదా అంటావు. ఉన్నాది. అది మీ అమ్మ కొంగున ముడేసి ఉన్నాది. నాను సెప్పబోయే మాట మీ అమ్మ ముందర ఫోన్లో సెప్పేది కాదు. పైగా నా నోరు మండతన్నాది, ఎక్కువ మాటాడలేను. నాను మాటాడలేనంటే సంగతి ఎంత పెద్దదో నీకు తెలిసే ఉంటాది.

సంగతేటంటే, నోట్లో పైన అంగిట్లో ఒక తెల్ల మచ్చ పుట్టింది. బొటనేలి గోరంత ఉన్నాది. సున్నం రాసినట్టుంటాది, గీకితే పోదు. కారం తగిలితే పేనం పైకి లేచిపోతాది. పులుసు తిని మూడు వారాలయింది. ఎలగ వచ్చిందో నన్నడక్కు, అడ్డసుట్ట వల్లే అని నువ్వే అంటావు. ఈ ఈదిలో ఆడోళ్ళందరం నిప్పు ఏపు నోట్లో ఎట్టుకుని కాల్సినోళ్ళమే. మాయమ్మ ఎనభైయేళ్ళు అలగే కాల్సింది. ఆవిడ పోయింది పాము కరిసి.

నువ్వు ఇజీనారంలో కేన్సరు మందు సేస్తన్నావని మీ అమ్మ సంతలో కూడా సెప్పుకుంటాది. ఆ మందు ఒక సీసాడు పంపించు. పోస్టుమేన్ పోతురాజు ఏ పార్సిలైనా ఊపి సూస్తాడు, అంచేత కొబ్బరినూని సీసాలో పోసి పంపు. ఆసుపత్రికి ఎల్లమని మాత్రం రాయకు. అక్కడ ముక్క కోస్తారట. కోస్తే ఇంకా పెరుగుతాదట. లక్ష్మీనరసమ్మ సెప్పింది, ఆవిడకి అన్నీ తెలుసు.

నిన్ను సంకనేసుకుని ఊరంతా తిప్పిన,
గురమ్మ.

తా.క.: మీ అమ్మతో మాటాడినప్పుడు "అత్త నోరెలగున్నాది" అని అడక్కు. "అత్త ఎలగున్నాది" అని కూడా అడక్కు. నువ్వెప్పుడూ అడగవు గనక, ఇప్పుడడిగితే అనుమానం వస్తాది.


విజయనగరం,
జూన్ 14.

గురమ్మత్తకి,

నీ మేనకోడలు యమున ముందు దండం పెట్టి, ఆ తర్వాత తిట్టడానికి రాస్తున్న ఉత్తరం.

కవరు మీద నీ అక్షరాలు చూడగానే నవ్వొచ్చింది. లోపలిది చదివాక ఆ నవ్వు పోయింది. అత్తా, నోట్లో పుట్టిన తెల్ల మచ్చ మూడు వారాలైనా పోలేదంటే డాక్టరు చూడాల్సిందే. అలాంటి మచ్చలన్నీ క్యాన్సర్లు కావు, చాలావరకు కావు. కానీ ఏది అవునో ఏది కాదో చూపుతో చెప్పలేం. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ముక్క తీస్తే పెరుగుతుందన్నది శుద్ధ అబద్ధం. లక్ష్మీనరసమ్మగారికి అన్నీ తెలుసు కానీ ఇది తెలీదు.

ఇక మందు సంగతి. అమ్మ సంతలో ఏం చెబుతోందో గానీ, అది ఇంకా మందు కాలేదు. పసుపు కొమ్ముకి ఆ రంగునిచ్చే సారం ఒకటుంది. దానికి చెడ్డ కణాల్ని చంపే గుణం కొంత ఉంది. కానీ నీళ్ళలో కరగదు, తింటే ఒంటికి పట్టదు. అందుకని దాన్ని చాలా చిన్న రేణువుల్లో నింపుతాం. ఎంత చిన్నవంటే, నీ తలవెంట్రుక మందంలో వెయ్యోవంతు. ఆ రేణువులు కణం లోపలికి వెళ్ళి ఊరికే కూర్చుంటాయి. పైనుంచి నీలం వెలుగు వేస్తే అప్పుడు పనిలోకి దిగుతాయి. వెలుగు పడ్డచోటే చంపుతాయి, పడనిచోట ఏ హానీ చెయ్యవు. చెట్టు సారం, రేణువు, వెలుగు, మూడూ కలవాలి. ఇప్పటికి ఇదంతా గాజుగిన్నెల్లో పెంచిన కణాల మీదే చూస్తున్నాం. ఎలుకకి కూడా ఇవ్వలేదు, మేనత్తకెలా ఇస్తాను?

నీ ఉత్తరానికి చుట్టవాసన అంటుకుని వచ్చింది, తెలుసా? నిజంగానే కాగితం ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని "నిప్పు మింగీసినాను సూడు" అని నోరు తెరిచేదానివి. లోపల ఎర్రగా వెలిగేది. మిగతా పిల్లలు పారిపోయేవాళ్ళు, నేను మాత్రం మళ్ళీ తెరవమని ఏడ్చేదాన్ని. ఆ ముచ్చట తలుచుకుంటే ఇప్పటికీ బాగుంటుంది. కానీ అత్తా, ఆ నిప్పే నీ నోటిని పాడుచేస్తుందని అప్పుడు నాకెవరు చెప్పారు?

అమ్మని చూసి నేర్చుకో. నాలుగేళ్ళ కిందట మానెయ్యమన్నాను, మానేసింది. మళ్ళీ ముట్టలేదు. నువ్వూ ఈరోజే మానెయ్. డాక్టరు దగ్గరికి వెళ్ళు.

నీ నోటికి భయపడుతూనే పెరిగిన,
యమున.

తా.క.: నేనే వచ్చి లాక్కెళ్ళేదాన్ని గానీ, ఈ కణాలకి రెండ్రోజులకోసారి మేత పెట్టాలి. పెట్టకపోతే చస్తాయి. మా ల్యాబ్‌లో ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను.


నౌపడ,
జూన్ 20.

సదువుల తల్లి యమునకి,

నీ మేనత్త మెచ్చుకుని రాస్తన్నాది. నీ ఉత్తరం మూడుసార్లు పైకి సదివినాను. పైకి సదివితే గాని నాకు బుర్రకెక్కదు. మొత్తం తెలిసిపోయింది.

పసుపు కావాల. ఎలుగు కావాల. ఆ ఎలుగు మచ్చ మీద పడాల. ఓసి పిచ్చిగుంటా, దీనికి ఇన్నేళ్ళ సదువేల? యాభైయేళ్ళ నుంచి నోట్లో ఎలుగెట్టుకునే తిరుగుతున్నాం, పసుపొక్కటే తక్కువయింది! మంగళారం నుంచి వైద్యం మొదలెట్టీసినాను. కొమ్ము సాన మీద అరగదీసి పల్చటి గుడ్డలో వడగట్టినాను. రేణువులు సిన్నవి కావాలన్నావని రెండుసార్లు వడగట్టినాను. దాన్ని ఏలితో అంగిట్లో రాయడం, సుట్ట ముట్టించడం, నిప్పు లోపలికెట్టడం, వంద లెక్కెట్టడం. పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి. ఎలుగు నీలంగా ఉండాలన్నావు. అగ్గిపుల్ల మంటకి అడుగున నీలం ఉంటాది, నాను దగ్గరెట్టి సూసినాను. అక్కడ ముట్టిస్తన్నాను.

నిప్పు లోపలెట్టుకోడం తప్పని తేలిగ్గా రాసీసినావు. ఏల ఎట్టుకున్నామో నీకు తెలీదు. ఉప్పు మడుల్లో తట్ట నెత్తిమీదుంటే రెండు సేతులూ తట్టకే సరిపోతాయి. సముద్రం గాలికి బయటున్న నిప్పు ఆరిపోతాది. బుగ్గి ఉప్పులో రాలితే మేస్త్రీ బూతులు తిడతాడు. నిప్పు లోపలుంటే గాలి నేదు, బుగ్గి నేదు, మేస్త్రీ నేడు. ఆకలి కూడా తెలిసేది కాదు. మీ అమ్మ కొత్తకోడలుగా వచ్చినప్పుడు దానికి నేర్పింది నానే. మొదటిరోజు నాలిక కాలి ఏడ్సింది. బెల్లంముక్క ఎట్టి ఊరుకోబెట్టినాను. రెండోరోజు తనే అడిగింది.

సాయంత్రం గుణుపురం సిన్నరైలు దిగి మీ నాన్న వచ్చేవోడు. ఆ రైలెంత నెమ్మదంటే, దిగి సుట్ట ముట్టించుకుని మళ్ళీ అదే డబ్బా ఎక్కొచ్చు. మా తమ్ముడు ఒకసారి పందెం కట్టి ఎక్కినాడు కూడా. పదిమంది ఆడోళ్ళం మడిగట్టు మీద కాళ్ళు సాపుకుని కూకునేవోళ్ళం. అందరి నోట్లోనూ నిప్పే. ఒక్కరి మాటా ఆగేది కాదు. ఆ కాళ్ళకి ఉప్పు పట్టి తెల్లగా ఉండేవి. ఇప్పుడు ఆ రైలూ నేదు, మీ నాన్నా నేడు, ఆ పదిమందిలో ఆరుగురు నేరు. మీ అమ్మా నానూ ఈ ఇంట్లో ఒకరి మొహం ఒకరు సూసుకుంటన్నాం. మనసు ఎలగో అయిపోతాది గుంటా, సాయంత్రమైతే.

నీ వైద్యం నీకే నేర్పుతున్న,
గురమ్మ.

తా.క.: మచ్చ ఇప్పుడు తెల్లగా నేదు. పచ్చగా ఉన్నాది. మందు పనిసేస్తన్నట్టే గదా?


విజయనగరం,
జూన్ 25.

అత్తా,

దండాలు తర్వాత పెడతాను. ముందు ఆ చుట్ట కింద పడెయ్.

పసుపు రాస్తే పచ్చగా కాక ఎర్రగా అవుతుందా! నువ్వు చేస్తున్నది వైద్యం కాదు. మేం వాడే దీపం చల్లగా ఉంటుంది, కింద చెయ్యి పెట్టినా కాలదు. నీ చుట్టలో ఉన్నది మంట, పొగ, పొగాకు. ఆ మచ్చ పుట్టించింది అవే అయ్యుండొచ్చు. ఇప్పుడు రోజుకి రెండుసార్లు లెక్కపెట్టి మరీ కాలుస్తున్నావు. నా ఉత్తరం చదివి ఒక మనిషి చుట్టలు పెంచిందంటే నేనింక కలం పట్టుకోకూడదు.

ఇది ఎంత జాగ్రత్త పనో నీకు ఎలా చెప్పను? ఆ రేణువుల సీసాకి వెలుగు సోకకుండా వెండికాగితం చుట్టి పెడతాం. గదిలో దీపాలు ఆర్పేసి, సన్నటి ఎర్రలైటు కింద తడుముకుంటూ పనిచేస్తాం. అవి పనిచెయ్యాల్సిన క్షణం దాకా చీకట్లోనే ఉండాలి. ముందే వెలుగు తగిలితే మొత్తం పాడవుతుంది. ఇది వంటింట్లో చేసే పని కాదు.

ఒక పని చెయ్యి. ఆ మచ్చని ఫోటో తీయించి పంపు. నా పని చూసే మా ల్యాబ్ మేడమ్‌కి తెలిసిన నోటి డాక్టరమ్మ శ్రీకాకుళంలో ఉన్నారట. ముందు ఆ డాక్టరమ్మకి చూపిస్తాను.

నువ్వు నాన్న రైలు గురించి రాసింది రెండుసార్లు చదువుకున్నాను. నాకు రైలు సరిగ్గా గుర్తులేదు. నాన్న ఒళ్ళో కూర్చుని కిటికీ ఊచ నాకేదాన్ని, ఉప్పగా ఉండేది. అది గుర్తుంది. ఇంకా ఏమైనా గుర్తుంటే రాయి అత్తా, ఇవన్నీ నీ దగ్గర తప్ప ఎక్కడా లేవు. నువ్వుండాలి. అందుకే ఇంత అరుస్తున్నాను.

అమ్మకి చుట్ట నేర్పింది నువ్వా! సరే. నేర్చుకున్న మనిషి మానేసింది, నేర్పిన మనిషివి నీకేమైంది? అమ్మకున్న పట్టుదల చూసి సిగ్గు తెచ్చుకో.

కోపంగా,
యమున.

తా.క.: నోట్లో చుట్ట పెట్టుకుని వంద ఎలా లెక్కపెట్టావు?


నౌపడ,
జూలై 3.

కోపిష్టి గుంట యమునకి,

మేనత్త రాస్తన్నాది. నీ తిట్లు అందినాయి. కొన్ని పైకి సదవలేక మింగీసినాను. లెక్క సంగతి అడిగినావు, ఏళ్ళ మీద లెక్కెట్టినాను.

తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు దొరికింది. సీకటి! మందు సీకట్లో ఉండాలని మొదటి ఉత్తరంలోనే రాయాలి గదా? మాటాడినప్పుడల్లా నోట్లోకి ఎలుగు పోయి మందు పాడైపోయింది. అందుకే ఇప్పుడు పసుపు రాసినకాణ్ణించి నోరు మూతే. ఎండికాగితం అన్నావు. బిస్కట్ల పేకట్టు లోపల మెరుస్తాది సూడు, అది కత్తిరించి మూతికి అడ్డంగా ఎట్టి, పైన తువ్వాలు కట్టడం. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా సైగలే. అన్నం కావాలంటే పొట్ట తట్టడం, నీళ్ళు కావాలంటే సెంబు సూపించడం. ఇల్లు సల్లబడిపోయింది. సుట్ట కూడా తగ్గించినాం, సాయంత్రం ఒక్కటే, మందు ఎలిగించడానికి.

లక్ష్మీనరసమ్మ సూసి ఏటిదన్నాది. యమున వైద్యమన్నాను. ఆవిడ దుర్గకి సెప్పింది. దుర్గ నీళ్ళ కుళాయి కాడ సెప్పింది. ఇప్పుడు ఈదిలో ఎనిమిదిమంది ఆడోళ్ళు మూతికి బిస్కట్ల కాగితం కట్టుకుని తిరుగుతున్నారు. మచ్చ ఉన్నోళ్ళూ నేనోళ్ళూ అందరూను. కుళాయి కాడ తగువు నేదు, మాట నేదు, సైగలే. మొగోళ్ళు నీ పేరు సెప్పుకుని దండం పెడతన్నారు. ఇంకెంత కాలం ఉంటాదమ్మా ఈ వైద్యం అని అడిగి ఎల్తన్నారు.

సుట్టలోడు అప్పలసూరి ఊరుకుంటాడేటి! పసుపునీళ్ళు సల్లి ఆరబెట్టిన సుట్టలు అమ్ముతున్నాడు. డబ్బా మీద "యమున సుట్ట, కేన్సరుకి మంచిది" అని సుద్దతో రాసినాడు. నీ పేరు సుట్టల డబ్బా మీద సూసి మీ అమ్మ లోపలికెల్లి గోడకేసి కూకుంది. సంతోషమేమో అనుకున్నాను.

మీ నాన్న సంగతి రాయమన్నావు. నువ్వు పుట్టిన రోజు వాన. నిన్ను సూడ్డానికి రైల్లో వస్తా, అది మరీ నెమ్మదిగా ఎల్తన్నాదని మధ్యలో దిగి నడిసి వచ్చినాడు. ఆడే ముందొచ్చినాడు. నిజం.

ఫోటో కూడా ఎట్టినాను. స్టూడియోలో తీయించినాను. మంచి సీర కట్టినాను.

నిన్ను ఊరంతటికీ పెద్ద డాకటేరుని సేసిన,
గురమ్మ.

తా.క.: ఫోటోలో నోరు మూసుకున్నానేటని అరవకు. ఫోటో తీయించుకునేటప్పుడు నోరు తెరిసే మనిషి ఎవరైనా ఉంటారేటి?


విజయనగరం,
జూలై 8.

గురమ్మత్తకి,

యమున ఏడుపు ఆపుకుని రాస్తున్నది.

ఫోటో చూశాను. చాలా బాగున్నావు. గోడకి పెట్టుకున్నాను. మచ్చ మాత్రం కనబడలేదు.

ఆ అప్పలసూరికి చెప్పు, డబ్బా మీద నా పేరు చెరపకపోతే నేనొచ్చి ఆ సుద్ద వాడిచేత తినిపిస్తాను. క్యాన్సరు మీద పనిచేస్తున్న పిల్ల పేరుతో పొగాకు అమ్ముతారా? మా మేడమ్ చూస్తే నా చదువు అక్కడితో సరి. నాకు ముందు నవ్వొచ్చింది, అత్తా, ఎనిమిదిమంది వెండి మూతుల్ని తలుచుకుని. తర్వాత ఆ ఎనిమిది నోళ్ళలో ఎన్ని మచ్చలున్నాయోనని భయమేసింది. ఒక్క నెల ఆలస్యమైనా కొన్నిసార్లు చెయ్యిదాటిపోతుంది. నేను రోజూ గాజుగిన్నెల్లో చూసేది అదే, అవి ఎంత తొందరగా పెరుగుతాయో. మేత పెట్టేది నేనే కదా.

ఇక ఆటలు చాలు. ఈ నెల 14, సోమవారం, పొద్దున్న పది గంటలకి శ్రీకాకుళంలో ఆ నోటి డాక్టరమ్మ దగ్గర నీ పేరు రాయించాను. చిరునామా ఈ కాగితం వెనక ఉంది. నువ్వు వెళ్ళకపోతే మంగళవారం నేనే వచ్చేస్తాను. కణాలు చస్తే చావనీ, రెండేళ్ళ పని పోతే పోనీ. అవి మళ్ళీ పెంచుకోవచ్చు. నాకు ఉన్నది ఒక్కత్తే మేనత్త. నోటి క్యాన్సరుతో పోయిన నాన్నకి, ముందే నోరు తెరిచి చూపించుకోమని చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారు. నీకు నేనున్నాను.

అమ్మని వెంట తీసుకెళ్ళు. ఇంక దాచకు. అమ్మ ధైర్యంగల మనిషి, ఇచ్చిన మాట మీద నిలబడ్డ మనిషి. పక్కనుంటే నీకూ ధైర్యం వస్తుంది.

నీ కోసం ఎదురుచూసే,
యమున.

తా.క.: ఇది మాత్రం అమ్మకి చెప్పకు. మొన్న వంగి గిన్నెలు తీస్తుంటే పైనున్న అలమర తలుపు ఊడి నడినెత్తి మీద పడింది. నాలుగు కుట్లు పడ్డాయి. నీ ఉత్తరం గురించి ఆలోచిస్తూ చూసుకోలేదు. ఇప్పుడు బాగానే ఉన్నాను.


నౌపడ,
జూలై 24.

నా తల్లీ యమునా,

మేనత్త రాస్తన్నాది. ఇది కూకుని సదువు.

ఆ మచ్చ నా నోట్లోది కాదు. మీ అమ్మది.

అరవకు. పూర్తిగా సదువు. నాలుగేళ్ళ కిందట నువ్వు మీ అమ్మ సెయ్యి లాక్కుని నీ నడినెత్తి మీద ఎట్టుకుని, ఇంక సుట్ట ముట్టనని ఒట్టేయించుకున్నావు. నువ్వు మర్సిపోయుంటావు. మీ అమ్మ మర్సిపోలేదు. రెండు నెల్లు నిలబడింది. తర్వాత వానాకాలం వచ్చింది, సాయంత్రాలు మీ నాన్న గుర్తొచ్చినాడు, దొడ్లోకెల్లి ముట్టించీసింది. అప్పట్నుంచీ దొంగతనమే. నిప్పు లోపలుంటే ఎవరికి తెలుస్తాది? నాకు తెలుసు. నేర్పిందాన్ని నానే గదా, ఏ మొహంతో వద్దంటాను?

మచ్చ పుట్టాక, ఒట్టు తప్పినందుకే పుట్టిందని దాని నమ్మకం. డాకటేరు కాడికెల్తే నీకు తెలుస్తాది. నీకు తెలిసిన రోజున ఆ ఒట్టు నీ నెత్తి మీద పడతాది. అందుకే సచ్చినా ఎల్లనన్నాది. నాను నీకు సెప్పకుండా నా నెత్తి మీద కూడా ఒట్టేయించింది. అందుకని మచ్చ నా నోట్లో ఎట్టుకుని రాసినాను. మనిషిని మార్సితే ఒట్టు తప్పినట్టు కాదనుకున్నాను. ఇప్పుడు పూర్తిగా తప్పీసినాను. నా నెత్తికి అరవైయారేళ్ళు, దానికేటయినా పరవానేదు.

నీ ఉత్తరాలన్నీ దానికి పైకి సదివి ఇనిపించినాను. "అమ్మని సూసి నేర్సుకో" అని నువ్వు రాసిన సోటల్లా అది మొహం తిప్పీసుకునేది. ఒకసారి ఆ ముక్క దాటించి సదివితే, "ఏదో ఒగ్గీసినావు, అది కూడా సదువు" అన్నాది. పసుపు అరగదీసింది నాను. కాల్సింది అది, లెక్కెట్టింది నాను. నోరు మూసుకుని సైగలు సేసింది అదే. ఇల్లు సల్లబడిందని గొప్పగా రాసినాను గాని, ఆ పదిరోజులూ నాతో మాటాడే మనిషి నేక పిచ్చెక్కినట్టయింది. ఫోటోలో నోరు ఏల తెరవలేదంటే, తెరిస్తే మచ్చ నేదని తెలిసిపోతాది.

ఆ వైద్యం మాత్రం నిజమనే సేసినాను యమునా. నీ మీద నమ్మకంతో సేసినాను. దానికి బాగుపడిపోతాదనుకున్నాను. నువ్వు తిట్టిన తిట్లన్నీ నాకే రావాల.

శనివారం నీ ఆఖరి ఉత్తరం వచ్చింది. సదువుతా సదువుతా కింద రాసింది కూడా సదివీసినాను. నడినెత్తి మీద నాలుగు కుట్లు అన్నాను. మీ అమ్మ సేతిలో సేట ఒదిలీసింది. బియ్యం ఇల్లంతా పోయినాయి. "పడింది వదినా, నా పిల్ల నెత్తి మీదే పడింది" అన్నాది. రోజంతా నీళ్ళు కూడా ముట్టలేదు. దొడ్లో దాసిన సుట్టలన్నీ తెచ్చి నుయ్యిలో పడేసింది. ఆ నీళ్ళు ఇప్పుడు ఎవరూ తాగడం నేదు.

సోమారం నాకంటే ముందు నెగిసి సీర మార్సుకుంది. బస్సెక్కి డాకటేరమ్మ కాడికి ఎల్లినాం. అక్కడ పిల్ల "గురమ్మ ఎవరు" అని పిలిస్తే ఇద్దరం లేసినాం. పేరు నాది, నోరు దానిది అన్నాను. ఆ పిల్ల మమ్మల్ని మళ్ళీ కూకోబెట్టింది. డాకటేరమ్మ మంచిది. నవ్వలేదు, తిట్టలేదు. లైటేసి సూసి ముక్క తీసింది. వారమైనాక సెప్పింది. కేన్సరు కాదట. దాని గుమ్మం కాడ ఉన్నాదట. ఇంకో ఏడాది పసుపు రాసుకుంటా కూకుంటే లోపలికెల్లిపోయుండేదట. మంగళారం ఆ మచ్చ మొత్తం తీసీసింది. మూడు నెల్లకోసారి సూపించుకోవాల, సుట్ట వాసన కూడా పీల్సకూడదు.

పనిలో పని నా నోట్లో కూడా లైటేసింది. మచ్చ నేదు గాని, "ఇది నోరా, పొయ్యా?" అన్నాది. నానూ సుట్ట ఒగ్గీసినాను. పదిరోజులయింది. కనబడినోళ్ళందర్నీ తిడతన్నాను. లక్ష్మీనరసమ్మ బేచీ వచ్చే సోమారం ఎల్తన్నారు. యమున సెప్పిన అసలు లైటు అక్కడుందని సెప్పి పంపుతున్నాను. తప్పయితే నువ్వే దిద్దుకో.

ఇప్పుడు నా మాటిను. నీ కణాలకి రెండుసార్ల మేత ఒకేసారి ఎట్టి రా. వచ్చి దాన్ని ఏటీ అనకు. సదువుకున్నదానివి, ఒట్టేటి గిట్టేటి అని నవ్వుతావు. నవ్వకు. దాని ముందు కూకుని, దాని సెయ్యి నీ నెత్తినెట్టుకుని, "ఒట్టు తీసి గట్టు మీద ఎట్టీసినాను" అని నువ్వే అను. ఏయించుకున్నోళ్ళే తియ్యాల. అది రోజూ నీ పేరు సెప్పుకుని ఏడుస్తున్నాది, సూళ్ళేకపోతన్నాను.

నీకు అబద్ధాలు రాసిన,
గురమ్మత్త.

తా.క.: మీ అమ్మ పక్కనే కూకున్నాది. నోట్లో కుట్లు, నాలుగురోజులు మాటాడకూడదు. ఏదో సైగ సేస్తన్నాది. ముందు నా నెత్తి తట్టింది. తర్వాత ఇజీనారం ఏపు సెయ్యి సూపించింది. తర్వాత సేతి ఏళ్ళు నాలుగు ఎత్తింది. నీ కుట్లు ఇప్పినారా అని అడుగుతున్నాది.